గాలిబండ దారీ, ఇంటి మీది పెంకులూ

1987 నవంబరు 15, ఆదివారం. వారం రోజులు పట్టి పీడించిన ముసురు ముందురోజే విడిచింది. పొద్దున్న ఎనిమిది దాకా మంచు కొండ నడుముకి తుండుగుడ్డలా చుట్టుకుని ఉండి, ఎండ రాగానే మెల్లిగా జారుకుంది. గాలి పడమటిది. చలి ఎంతంటే, పెద్దవాళ్ళు శాలువా వెతుక్కునేంత, పిల్లలు అదే శాలువా విసిరేసి పారిపోయేంత. కార్తీకమాసం కదా, కొండ కింద వనభోజనాల వాళ్ళ సందడి అప్పటికే మొదలైంది. తేదీ, వాతావరణం ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. వివేకం వారి కథ చెప్పేవాళ్ళలో కొందరు ఇది ఎండాకాలంలో జరిగిందంటారు, కొందరు వానలో జరిగిందంటారు. వానలో అయితే పొగ కనిపించదు, పొగ కనిపించకపోతే కథే లేదు.

వివేకం అన్నది ఇంటిపేరు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. అప్పలసూరి, అతని భార్య తవిటమ్మ, తమ్ముడు గవరయ్య. జామిగెడ్డ ఊళ్ళో వాళ్ళంతా సగం మాట విని పరుగెడతారనీ, తాము మాత్రం మాటని చివరి దాకా విని, చెప్పింది చెప్పినట్టు చేస్తామనీ ముగ్గురికీ గర్వం. అందులో తవిటమ్మ గర్వం ఒక పిసరు ఎక్కువ. మొగుడి తెలివిని మెచ్చుకునేది, మరిది తెలివికి మురిసిపోయేది, ఆ రెండూ కలిపినా తన తెలివికి సరిపోవని లోలోపల అనుకునేది. పైకి అనేది కాదు. అదీ తెలివే కదా.

ఆ తెలివితోనే క్రితం ఏడు వాళ్ళింటికి కప్పు లేకుండా పోయింది. వంటింట్లో ఒకచోట చుక్క చుక్కగా నీరు కారుతోంటే, దారిన పోతున్న మేస్త్రి చూసి, ఆ కారే పెంకేదో చూసుకుని తీసెయ్యండి అన్నాడు. తీసి కొత్తది పెట్టమని అతని ఉద్దేశం. కానీ పెట్టమని అతను అనలేదు. అంతే. అప్పలసూరి కప్పెక్కి ఒక పెంకు తీశాడు. తీసిన చోట ధార కట్టింది. కింద నుంచి తవిటమ్మ, దాని పక్కది కూడా కారుతోందయ్యా అంది. పక్కది తీశాడు. అక్కడ ఇంకా పెద్ద ధార. గవరయ్య, దానికవతలది మరీ అన్యాయం అన్నాడు. ఇంకేముంది, సాయంత్రానికి ఇంటి మీద ఒక్క పెంకు మిగల్లేదు. ముగ్గురూ తడిసి ముద్దయి నిలబడి, ఇప్పుడు ఈ ఇంట్లో కారే పెంకు వెతికినా దొరకదని సంతోషపడ్డారు. ఆ పెంకులు ఇంకెవరి కొంపనైనా ముంచుతాయేమోనని పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టారు కూడా.

అప్పట్నుంచి తవిటమ్మకి వంటంటే ఒక చేత్తో తాటాకు గొడుగు, ఒక చేత్తో గరిటె. గొడుగు తన మీద పట్టుకుంటే పొయ్యి ఆరిపోయేది, పొయ్యి మీద పట్టుకుంటే తను తడిసేది. ఆ ముసురు వారమంతా ఇంట్లో అటుకులే తిన్నారు. తల మీద కప్పున్న వంటిల్లు ఒక్కటి చాలు, ఇంకేమీ వద్దు అనుకునేది ఆమె. అంతకు మించి ఆమెకి ఈ లోకంలో కోరిక లేదు.

అలాంటి వంటిల్లు కొండ మొదట్లో ఒకటి ఉంది. అది అసిరమ్మది. అసిరమ్మ అప్పలసూరికి పెద్దమ్మ. పెంకుటిల్లు, చుట్టూ పనస చెట్లు, ముందు చిన్న టీ కొట్టు, బొల్లి అని ఒక ముసలి మేక. పిల్లల్లేరు. భర్త జగ్గునాయుడు పోయి ఏడాది అవుతోంది. ఆ జగ్గునాయుడికి కొండ పిచ్చి. పదిమందీ నడిచి చూడాలని ఆ చిన్న కొండల మీద వయసంతా పెట్టి దారులు వేశాడు. ఎర్రచుక్కల దారి పిల్లలకి, పసుపు చుక్కల దారి గెడ్డ ఒడ్డున పశువులు తోలుకునే వాళ్ళకి, తెల్లచుక్కల దారి కాస్త ఓపికున్న వాళ్ళకి. ఈ తెల్లదారి మెలికలు తిరుగుతూ కొండ మీది గాలిబండ దాకా ఎక్కి, అవతలి పక్క నుంచి చుట్టూ తిరిగి మళ్ళీ ఆ ఇంటి దగ్గరికే దిగుతుంది. కొండ దారి మెలికలు తిరగాలనేవాడు ఆయన. తిన్నగా వేసిన దారి మనిషిని తొందరపెడుతుందట, మెలికల దారి మనిషితో కబుర్లు చెబుతుందట. దారి చీలిన ప్రతిచోటా ఒక గుంజ పాతి, దానికి బాణం గుర్తు వేసిన పలక తీగతో కట్టాడు. పట్నం నుంచి వచ్చే వాళ్ళు ఆ పలకలు చూసుకుని నడిచి, దిగాక అసిరమ్మ చేతి టీ తాగి పోయేవారు.

ఇక అసిరమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. కొండెక్కి నాలుగేళ్ళయింది. ఆ ఆదివారం ఆమె ఇద్దరు వారసుల్నీ పిలిపించింది. ఒకరు వివేకం వారు. రెండో అతను పోలినాయుడు, జగ్గునాయుడి తమ్ముడి కొడుకు. పట్నంలో బట్టల కొట్టు ఉంది, కాళ్ళకి గట్టి బూట్లున్నాయి, నోట్లో మాటకి కొదవ లేదు. ఇల్లెలాగూ తనదే అని అతను వచ్చేటప్పుడే గది కొలతలు తీసుకోవడానికి టేపు తెచ్చుకున్నాడు.

అసిరమ్మ అరుగు మీద కూర్చుని చెప్పింది. "తెల్లదారి మొత్తం తిరిగి రండి. గాలిబండ మీంచి ఏం కనిపించిందో నాకు చెప్పండి. ఆయన అక్కణ్ణుంచి రోజూ ఒకటి చూసేవాడు. అది ఎవరు చూసొస్తే ఇల్లు వాళ్ళది."

ఏమిటది అని పోలినాయుడు నవ్వుతూ అడిగాడు. చెబితే చూడ్డం ఎందుకు అందామె. అయితే టిఫిను చేసి తీరిగ్గా బయల్దేరతానని పోలినాయుడు బల్ల మీద చతికిలబడ్డాడు. వివేకం వారు మాత్రం జాగ్రత్తలన్నీ విని బయల్దేరదామని నిలబడ్డారు. అసిరమ్మకి వీళ్ళ సంగతి కొద్దిగా తెలుసు, కానీ పూర్తిగా తెలియదు. అందుకని పాపం నాలుగు ముక్కలు చెప్పింది. ఒకరి వెనకాల ఒకరు నడవండి, పక్కపక్కన నడిస్తే జారతారు. పలకని వదిలి కదలకండి, వదిలితే దారి తప్పుతారు. అదిగో, ఆ కనిపించే దేవరకొండ ఎప్పుడూ మీ కుడిచేతి వైపే ఉండాలి. ఇక్కణ్ణుంచి మోసుకెళ్ళింది ఏదీ కొండ మీద వదిలి రావద్దు, ఆయనకి చెత్త అంటే ఒళ్ళు మంట.

మొదటి మాట దగ్గరే చిక్కొచ్చింది. అప్పలసూరి ముందు నిలబడ్డాడు, అతని వెనకాల తవిటమ్మ, ఆమె వెనకాల గవరయ్య. కదలబోతుంటే గవరయ్యకి అనుమానం వచ్చింది. వదిన అన్నయ్య వెనకాల ఉంది, తను వదిన వెనకాల ఉన్నాడు, మరి అన్నయ్య ఎవరి వెనకాల ఉన్నట్టు? అప్పలసూరి వెనక్కి తిరిగి చూసుకుని నిజమే అన్నాడు. తను గవరయ్య వెనకాల నడుస్తానన్నాడు. అంతే, ముగ్గురూ పనస చెట్టు చుట్టూ గుండ్రంగా నడవడం మొదలుపెట్టారు. లోపల పోలినాయుడు రెండు ఇడ్లీలు తిని మరో రెండు వేయించుకునే దాకా నడుస్తూనే ఉన్నారు. నడక బాగానే సాగుతోంది గానీ కొండ దగ్గరికి రావడం లేదని తవిటమ్మ కనిపెట్టింది. చెట్టుకి కట్టిన బొల్లి మేకని విప్పి ముందు నిలబెట్టింది. ఇప్పుడు మొగుడు మేక వెనకాల ఉన్నాడు. మరి మేక ఎవరి వెనకాల ఉన్నట్టని గవరయ్య అడిగాడు.

"అత్త మనకి చెప్పింది గవరయ్యా, మేకకి చెప్పలేదు," అంది తవిటమ్మ.

ఆమె తెలివికి అన్నదమ్ములిద్దరూ తలలూపారు. బొల్లి కొండ వైపు నడిచింది. అది జగ్గునాయుడి వెనకాల నడిచి ముసలిదైన మేక, ఇంకో దారి దానికి తెలియదు. ఆ సంగతి మాత్రం ఈ ముగ్గురికీ తట్టలేదు.

మొదటి చీలిక దగ్గర పలక కనిపించింది. ముగ్గురూ దాని కింద కూర్చున్నారు. పలకని వదిలి కదలకూడదు కదా. ఎండ ఎక్కుతోంది, మేక పీకుతోంది. చివరికి అప్పలసూరి లేచి, పలకని వదలకుండా కదలాలంటే పలక కూడా కదలాలి అన్నాడు. తీగ విప్పి పలకని భుజాన వేసుకున్నాడు. దారి చూపించేదాన్ని గుంజకి కట్టేసి జనం ఇన్నాళ్ళూ దాన్ని వదిలిపోయారంటే ఎంత తెలివితక్కువ అని ముగ్గురూ జాలిపడ్డారు. పైగా ఇందులో ఇంకో సుఖం ఉంది. అప్పలసూరి ఎటు తిరిగితే బాణం అటే తిరుగుతోంది. ఇక దారి తప్పే మాటే లేదు. అలాగే రెండో చీలికలో పలకా, మూడో చీలికలో పలకా భుజాల మీదికి చేరాయి.

మూడో పలక విప్పి కదలబోతుంటే, వనభోజనాలకి వచ్చిన మేష్టర్లు కొందరు అక్కడికి వచ్చారు. బోసిగా ఉన్న గుంజ చుట్టూ తిరుగుతూ, చేతిలో అరటాకుల కట్టలతో దిక్కులు చూస్తున్నారు. గాలిబండకి ఎటు వెళ్ళాలని అడిగారు. అప్పలసూరి మర్యాదగా భుజం మీంచి పలక దించాడు. "మీకెటు వెళ్ళాలనుందో చెప్పండి, అటే తిప్పుతాను," అన్నాడు. మేష్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆకలిగా ఉంది, భోజనాల చోటికి తిప్పమన్నారు. అతను తిప్పాడు. వాళ్ళు దణ్ణం పెట్టి ఆ వైపు పోయారు. భోజనాల చోటు ఎటుందో అప్పలసూరికీ తెలియదు. కానీ బాణానికి తెలిసే ఉంటుంది కదా అనుకున్నాడు.

అక్కణ్ణుంచి మెలికలు మొదలయ్యాయి. ఎడమకి కొంత దూరం, మళ్ళీ వెనక్కి తిరిగి కుడికి కొంత దూరం, అలా ఎక్కాలి. మొదటి మెలిక దాకా దేవరకొండ కుడిచేతి వైపే నీలంగా, బుద్ధిగా నిలబడి ఉంది. మెలిక తిరిగేసరికి ఎడమ వైపుకి వచ్చేసింది. కొండ జరిగిపోయింది వదినా అన్నాడు గవరయ్య. జరిగింది కొండే గానీ తప్పు మనమీదికొస్తుంది అంది తవిటమ్మ. ఆలోచించి, వెనక్కి తిరిగి నడిస్తే కొండ మళ్ళీ కుడికొస్తుందని తేల్చింది. ఇంకేముంది, ఒక మెలిక ముందుకి నడవడం, ఒక మెలిక వెనక్కి నడవడం. వెనక్కి నడిచే మెలికలో అప్పలసూరి మేకకి వీపు పెట్టి, దాని తోక పట్టుకుని, రాళ్ళకి మడమలు కొట్టుకుంటూ ఎక్కాడు. అందరూ తిరగబడేసరికి ఎవరి వెనకాల ఎవరున్నారన్నది మళ్ళీ తేలలేదు. ఎక్కువ ఆలోచిస్తే చెట్టు చుట్టూ తిరగాల్సొస్తుందని ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

మధ్యలో దాహం వేసింది. గవరయ్య నెత్తిన నీళ్ళ కడవ ఉంది, తవిటమ్మ కొంగున అడ్డాకుల్లో కట్టిన పులిహోర ఉంది. అడ్డాకులో కట్టిన పులిహోరకి ఒక వాసన వస్తుంది, అది ఏ పళ్ళెంలోనూ రాదు, కొండ మీద అది రెట్టింపవుతుంది. కానీ మోసుకెళ్ళింది ఏదీ వదిలి రాకూడదన్న మాట ఉంది కదా. పులిహోర తింటే కడుపులో పెట్టుకుని కిందకి మోసుకుపోతాం కాబట్టి తప్పు లేదని తేల్చి తిన్నారు, ఆకులు మడిచి కొంగున కట్టుకున్నారు. నీళ్ళు మాత్రం తాగలేదు. తాగితే చెమటై కారుతుంది, చెమట కొండ మీదే ఉండిపోతుంది, అది వదిలిపెట్టడమే అన్నాడు అప్పలసూరి. ఎండిన నాలుకలతోనే ముగ్గురూ అతని తెలివిని మెచ్చుకున్నారు. కడవ నిండుగా అలాగే ఉంది.

మొత్తానికి గాలిబండ వచ్చింది. నల్లటి చదునైన బండ. ఒకవైపు లోయ, కోతకొచ్చిన వరిచేలతో పచ్చగా, పసుపుగా, మధ్యలో గెడ్డ దారంలా మెరుస్తూ. ఇంకోవైపు దేవరకొండ, దాని వెనకాల ఇంకో కొండ, దాని వెనకాల ఇంకొకటి, ఒకదాన్ని మించి ఒకటి లేత నీలంగా. గాలి చెవుల్లో ఏదో చెబుతున్నట్టు హోరెత్తుతోంది. ఎవరికైనా నోట మాట రాని చోటు. వీళ్ళకి మాత్రం వెంటనే వచ్చింది. ఇంత పెద్ద లోకాన్ని ముగ్గురూ ఒకేసారి చూస్తే ఎవరేం చూశారో కలిసిపోతుందని, తవిటమ్మ వాటాలు వేసింది. మొగుడికి లోయ, మరిదికి కొండ. ఇద్దర్నీ వీపులు ఆనించి కూర్చోబెట్టి, తలలు తిప్పొద్దని చెప్పింది. ఆ రెండూ పోను మధ్యలో మిగిలిన ముక్క తను చూడ్డానికి బండ అంచుకి వెళ్ళింది.

మిగిలింది చిన్న ముక్క. రెండు గుట్టల సందులో, బాగా కింద, ఆకుపచ్చటి పనస చెట్ల గుంపు. వాటి మధ్య ఎర్రటి పెంకుల కప్పు. అది అత్త ఇల్లే. పైనించి చూస్తే అరచేతిలో పట్టేలా ఉంది. ఎంత నిండుగా ఉందో కప్పు, ఒక్క పెంకు లోటు లేదు. తవిటమ్మ కళ్ళు చెమర్చాయి. దేవుడా, ఆ కప్పు కింద ఒక్కరోజు గొడుగు లేకుండా అన్నం వండుకోనివ్వు అనుకుంది. అలా అనుకుంటూ ఉండగానే ఆ పెంకుల సందుల్లోంచి సన్నగా తెల్లటి పొగ లేచింది. చూస్తూండగానే చిక్కబడింది.

కప్పున్న వంటింట్లో పొయ్యి వెలిగిస్తే పొగ పెంకుల సందుల్లోంచే వస్తుంది. ఆ సంగతి లోకంలో అందరికీ తెలుసు. కానీ తవిటమ్మ వంటింటికి ఏడాదిగా కప్పు లేదు, పొగ దాని ఇష్టం వచ్చినట్టు పోయేది. కప్పు మీంచి పొగ వస్తుందన్న సంగతే ఆమె మర్చిపోయింది.

"ఇల్లు తగలబడిపోతోందయ్యా," అంది.

అప్పలసూరి లోయ మీంచి కళ్ళు తిప్పకుండానే, ఎవరిల్లు అని అడిగాడు. మన ఇల్లే అంది తవిటమ్మ. అంతే. పలకలు భుజాన వేసుకుని, కడవ నెత్తిన పెట్టుకుని ముగ్గురూ పరుగు అందుకున్నారు. ఇల్లు కాలుతున్నప్పుడు దేవరకొండ ఎటుండాలో అసిరమ్మ చెప్పలేదు కాబట్టి ముందుకే పరుగెత్తారు. వీళ్ళకన్నా ముందు బొల్లి పరుగెత్తింది. ఆ పొగ కనిపిస్తే కింద గంజి దొరుకుతుందని దానికి తెలుసు. అవతలి పక్క దారంట, తెల్లచుక్కల వెంట, ఒక్క గుర్తూ తప్పకుండా అది దిగింది, దాని తోక చూసుకుంటూ వీళ్ళు దిగారు. తెల్లదారి చుట్టు పూర్తయింది.

ఆపాటికి పోలినాయుడు ఇంటికొచ్చేసి ఉన్నాడు. టిఫినయ్యాక బయల్దేరినవాడికి ఏ చీలికలోనూ పలక కనిపించలేదు. గుంజలు మాత్రం బోసిగా నిలబడి ఉన్నాయి. పసుపు దారిలో పడి, గెడ్డ దాటి, ముళ్ళల్లో దూరి, ఆకలితో తిరుగుతున్న మేష్టర్లని చూసి, వాళ్ళు తిట్టే తిట్లు విని, బూట్లలో బురదతో తిరిగొచ్చాడు. అయినా అరుగు మీద కూర్చుని గాలిబండ మీంచి తను చూసిన వింతలు చెబుతున్నాడు. లోయ అన్నాడు, కొండ అన్నాడు. ఇంకేం కనిపించింది నాయనా అని అసిరమ్మ వంటింట్లోంచి అడిగింది. ఒక క్షణం ఆలోచించి, సముద్రం కనిపించింది పెద్దమ్మా, ఓడలు కూడా అన్నాడు. అసిరమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

అప్పుడే వివేకం వారు వచ్చిపడ్డారు. అప్పలసూరి నిచ్చెనేసుకుని కప్పెక్కాడు. కింద నుంచి తవిటమ్మ, పొగ వచ్చే పెంకేదో చూసి తియ్యి అంది. తీశాడు. అక్కణ్ణుంచి పొగ గుప్పుమంది. దాని పక్కది కూడా కాలుతోంది అన్నాడు గవరయ్య. పక్కది తీశాడు. ఇంకేముంది, చూస్తూండగా వంటింటి మీద ఆకాశం కనిపించింది. ఆ కన్నంలోంచి కడవెడు నీళ్ళు ఒక్కసారి గుమ్మరించారు. పొయ్యి ఆరింది, చారు పొంగింది, ఏం జరుగుతోందోనని లోపలికి తల పెట్టిన పోలినాయుడు తల నుంచి బూట్ల దాకా తడిశాడు.

అసిరమ్మ బూడిద మొహంతో బయటికొచ్చింది. తవిటమ్మ ఆమె కాళ్ళ మీద పడి, భయపడకత్తా, ఆర్పేశాం అంది. గాలిబండ మీంచి పొగ చూసి పరుగెత్తుకొచ్చామని ఆయాసంతో చెప్పింది.

అసిరమ్మ ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది. "పొగ చూశావా? ఇక్కడి పొగే?"

పనస చెట్ల మధ్యలోంచి సన్నగా లేచి చిక్కబడిందని తవిటమ్మ చేత్తో చూపించింది. అసిరమ్మ కూలబడి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, తుడుచుకుంటే మసి ఇంకా పాకింది.

"ఆయన రోజూ అదే చూసేవాడమ్మా," అంది. "లోయలు నాకెందుకే, నీ పొయ్యి పొగ కనిపిస్తే అన్నానికి దిగొస్తాను అనేవాడు. ఆయన పోయాక దాన్ని చూసినవాళ్ళు లేరు."

అలా ఇల్లు వివేకం వారి వైపు మొగ్గింది. మర్నాడు మేస్త్రిని పిలిచి వంటింటి కప్పు మళ్ళీ వేయించారు. పలకలు మాత్రం గుంజలకి కట్టలేదు. దారులన్నీ ఇంటికే కదా చేరాలని అప్పలసూరి వాటిని ఇంటి చుట్టూ పాతి, బాణాలన్నీ టీ కొట్టు వైపు తిప్పాడు. ముగ్గురూ అసిరమ్మ దగ్గరే ఉండిపోయారు. తవిటమ్మ గొడుగు అటకెక్కింది. ఆమె పొయ్యి వెలిగించినప్పుడల్లా గవరయ్య గాలిబండ ఎక్కి పొగ చూసొచ్చి, ఉంది పెద్దమ్మా అని చెప్పేవాడు. ముసలామె అది విన్నాకే ముద్ద ఎత్తేది. అలా ఆమె ఇంకో అయిదారేళ్ళు సుఖంగా బతికింది.

పోయేముందు ఊరి పెద్దల్ని మంచం చుట్టూ కూర్చోబెట్టుకుని, పోలినాయుడు కూడా వింటూండగా, నోటితోనే పంపకం చెప్పింది. ఇల్లూ, ఇంట్లో ఉన్నవన్నీ తవిటమ్మకి. ఇంటి చుట్టూ ఉన్నవన్నీ, అంటే పనస చెట్లూ పలకలూ, అప్పలసూరికి. ఇంటి ముందున్న టీ కొట్టు గవరయ్యకి. తెల్లదారి మీద నడిచే హక్కు, రోజూ ఇంత గంజి, బొల్లికి. పోలినాయుడికి ఏమీ లేదు. ఇలా చెప్పి కళ్ళు మూసింది.

కర్మకాండలు అయ్యాక వివేకం వారు ముగ్గురూ కూర్చుని ఆ మాటల్ని మొదటి నుంచి చివరి దాకా తిరగేసి చూశారు. ఇంట్లో ఉన్నవి తేలాయి. చుట్టూ ఉన్నవి తేలాయి. ముందున్నది తేలింది. అప్పుడు గవరయ్య తలెత్తి పైకి చూశాడు. పెంకులు ఇంట్లో లేవు, చుట్టూ లేవు, ముందు లేవు. ఇంటి మీద ఉన్నాయి. ఇంటి మీద ఉన్నవి అసిరమ్మ ఎవరికీ ఇవ్వలేదు. ఎవరికీ ఇవ్వనివి మనం ఉంచుకుంటే ఒకరి సొత్తు తిన్నట్టే అన్నాడు అప్పలసూరి. తవిటమ్మ చాలాసేపు ఆలోచించింది. వంటింటి కేసి ఒకసారి చూసింది. న్యాయం న్యాయమే అని, ఎవరికీ చెందనిది ఏమీ లేనివాడికే చెందాలి అంది. అంతే.

ఇలా పంపకం పూర్తయింది. అప్పలసూరికి పనస చెట్లు దక్కాయి. గవరయ్యకి కొట్టు దక్కింది. బొల్లికి దారీ గంజీ దక్కాయి. ఏమీ దక్కని పోలినాయుడికి బండెడు పెంకులు, ఒక్కటి కూడా పగలకుండా గడ్డిలో పేర్చి, పట్నంలో అతని కొట్టు ముందు దింపించారు. తవిటమ్మకి ఇల్లు దక్కింది. బండి వెళ్ళిన సాయంత్రమే వాన పట్టింది. ఆమె అటక మీంచి తాటాకు గొడుగు దించి, పొయ్యి ముందు కూర్చుని, పైనున్న మబ్బుల కేసి చూసి, ఈ ఇంట్లో కూడా కారే పెంకు ఒక్కటీ లేదని తృప్తిగా గరిటె తిప్పింది.